పదకొండు నలుసులు

ఆ ఎక్స్‌రే విభాగంలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప మరెక్కడా వినిపించదు. అందరికీ ఆవిడ అద్దం. ఇరవై రెండేళ్ల కిందట, ఫిల్ములను ఇంకా చీకటి గదిలో మందునీళ్లలో కడిగే రోజుల్లో, ఆవిడ తీసిన ఛాతీ ఫిల్మును వెలుగు డబ్బాకు తగిలించి అప్పటి పెద్ద డాక్టరు, "ఇది ఫిల్మా, అద్దమా?" అన్నాడు. ఆయన జన్మలో ఎవరినీ మెచ్చుకున్న పాపాన పోలేదు. అందుకే ఆ ఒక్క మాటా పేరై కూర్చుంది. ఆయన రిటైరై వెళ్లిపోయాడు, చీకటి గది విరిగిన కుర్చీల గది అయింది, పేరు మాత్రం మిగిలింది.

అదే డాక్టరు అంతకుముందు ఆవిడను ఏడిపించిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆవిడకు గుర్తుంది. ఉద్యోగంలో చేరిన మూడో నెలలో ఒకామెకు రొమ్ము ఎక్స్‌రే తీసింది. ఫిల్ము పెట్టే పెట్టెలో రవ్వంత దుమ్ము ఉండిపోయింది. దుమ్ము ఉన్న చోటల్లా ఫిల్ము మీద తెల్లటి చుక్క పడుతుంది. రొమ్ములో పుట్టే చెడ్డ జబ్బు కూడా తొలిరోజుల్లో అలాగే, సున్నం రేణువుల్లాంటి తెల్లటి చుక్కలుగానే కనిపించవచ్చు. ఆ దుమ్మును చూసి జబ్బన్నారు. సూది గుచ్చి ముక్క తీశారు. ఆ తల్లి రెండు వారాలు అన్నం మానేసింది. తీరా ఏమీ లేదని తేలాక, డాక్టరు అందరి ముందూ ఆ ఫిల్మును ఈవిడ ముక్కు దగ్గర పెట్టి, "నీ బద్ధకం వల్ల ఆవిడ చావు అంచుదాకా వెళ్లి వచ్చింది," అన్నాడు.

ఆనాటి నుంచి ఆవిడకు తెల్లచుక్కంటే దుమ్ము, దుమ్మంటే తన తప్పు. రోజూ అందరికన్నా అరగంట ముందొచ్చి పెట్టెలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచేది. పెట్టెలు పోయి కంప్యూటర్లు వచ్చాక కూడా ఆ గుడ్డ ఆవిడ జేబును వదల్లేదు. దుమ్మును జబ్బనుకోవడం ఎంత తప్పో ఆవిడకు ఒంటబట్టింది. జబ్బును దుమ్మనుకోవడం అంతకన్నా పెద్ద తప్పని తెలియక కాదు. పుస్తకంలో చదివింది, పరీక్షలో రాసింది, మార్కులూ తెచ్చుకుంది. కానీ బుర్రలో ఉన్నదంతా చేతిలోకి దిగిరాదు.

దానికి తోడు గోడ మీద ఒక పట్టిక. ఈ నెలలో ఎవరు ఎన్ని ఫిల్ములు రెండోసారి తీశారో అందులో రాయాలి. రెండోసారి తీస్తే రోగి ఒంటికి రెండింతలు కిరణాలు తగులుతాయి కాబట్టి, మొదటిసారే సరిగ్గా తీయండర్రా అని చెప్పడం దాని ఉద్దేశం. మంచిదే. కాకపోతే మంచి ఉద్దేశానికి మేకు కొట్టి గోడకు తగిలిస్తే జనం ఉద్దేశాన్ని చూడరు, అంకెనే చూస్తారు. అద్దం వరుసలో ఏళ్ల తరబడి సున్నా. అడుగున, ఎప్పుడూ రెండంకెల లెక్కతో ఉండేది ఎముకల గదిలో పనిచేసే ఆవిడ. అద్దం సెలవు పెట్టినప్పుడు రొమ్ము ఫిల్ములు కూడా ఆవిడే తీస్తుంది. "కాస్త కదిలారండీ, మళ్ళీ ఒకసారి" అన్నది ఆవిడ ఊతపదం. ఆవిడను అందరూ మళ్ళీగారు అంటారు. ఆ పేరు పెట్టింది అద్దమే.

రెండేళ్ల కిందట బొమ్మల్ని శుభ్రం చేసే కొత్త ప్రోగ్రాము వచ్చింది. పాత మిషన్లే, కానీ బొమ్మలు కొత్తవాటిలా వస్తాయన్నారు. నిజంగానే వచ్చాయి. స్కానింగు గదిలో గాలిదుమారంలో చిక్కుకున్నట్టు కనిపించే గర్భంలోని బిడ్డ మొహం నున్నగా తేలింది. ఎక్స్‌రేల్లో గరుకంతా పోయింది. తెర అడుగున సున్నా నుంచి పది దాకా జరిపే మీట ఒకటి ఉంటుంది. ఎంత జరిపితే బొమ్మ అంత శుభ్రం. ఆ ప్రోగ్రామును ఎక్కించడానికి వచ్చిన ఇంజనీరు రొమ్ము ఎక్స్‌రే మిషను మీద పసుపుపచ్చ చీటీ ఒకటి అంటించాడు, "మూడు దాటకూడదు" అని. నోటితో కూడా చెప్పాడు.

"నలుసేదో నిజమేదో తేల్చుకునే తెలివి దీనికి లేదమ్మా. చిన్నగా కనబడ్డదల్లా తుడిచేస్తుంది. పెద్దగా ఉన్నదానికి మెరుగు పెడుతుంది. లోకం తీరే అనుకోండి."

అద్దం నవ్వి తలూపింది. వారం తిరక్కుండా మీట నాలుగుకు వెళ్లింది. ఎందుకంటే ఫిల్ములు చదివే ఇప్పటి డాక్టరు, రోజుకు నూటపాతిక బొమ్మలు చూసి చూసి కళ్లు కాయలు కాసిన మనిషి, "అద్దంగారూ, మీవి మాత్రం కళ్లకు హాయిగా ఉంటాయండీ," అన్నాడు. హాయి పెరగాలంటే మీట జరగాలి. మూడు నెలలకు ఐదు. చీటీ ఒక మూల ఊడి వేలాడింది. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ ఆ చీటీనీ పీకి బుట్టలో పడేసింది. పైన పటారం, లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. కానీ ఆ రోజుల్లో ఆ గదిలో ఆ మాట అంటే ఎవరూ వినేవాళ్లు కారు.

అక్క వచ్చింది ఆ ప్రోగ్రాము వచ్చిన పది నెలలకు.

అక్క ఆవిడకన్నా ఆరేళ్లు పెద్ద. అమ్మ తొందరగా పోతే, చెల్లెలికి జడలు వేసి, గౌన్లు కుట్టి, బడికి పంపి పెంచింది. ఆ గౌన్లు కుట్టిన చెయ్యే బతుకుతెరువైంది. రెండు వీధులవతల చిన్న కుట్టుగది, ఒక మిషను, మెడలో వేలాడే టేపు, చెవి వెనకాల సుద్దముక్క. ఏటేటా ఒకసారి ఫిల్ము తీయించుకోమని చెల్లెలు మూడేళ్లు పోరింది. "పీక్కుతింటున్నావే," అని చివరికి కదిలింది.

"పౌడరు రాసుకు రావద్దని చెప్పానా లేదా?" అంది అద్దం, అక్క రవిక విప్పగానే.

"కొంచెమేనే. చెమట కంపుతో నీ ఆఫీసుకొస్తే నీకే నామోషీ కదా."

తడిదూదితో చంకలు తుడిచింది. అక్క చక్కిలిగిలిగా ఉందని మెలికలు తిరిగింది. రొమ్మును పలకల మధ్య పెట్టి నొక్కేసరికి ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

"అబ్బా. గుడ్డల్ని ఇస్త్రీ చేస్తున్నాననుకున్నావటే? మనిషినే తల్లీ."

"ఊపిరి బిగపట్టు. మాట్లాడకు."

"ప్రాణం పోతుంటే మాట్లాడొద్దంటుంది."

రెండు వైపులా, ఒక్కో వైపు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మొత్తం నాలుగు ఫిల్ములు. కుడివైపు రెండూ ముత్యాల్లా వచ్చాయి. ఎడమవైపు రెంటిలోనూ చంకకు దగ్గరగా చిటికెడు తెల్లచుక్కలు. అద్దం నాలుక చప్పరించింది. పౌడరు. ఎంత తుడిచినా మడతల్లో మిగిలింది, లేకపోతే ఆ దిక్కుమాలిన సుద్ద. ఇంకోసారి శుభ్రంగా తుడిచి మళ్ళీ తీయాలి. అది తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు ఆవిడే నేర్పే పాఠం అది.

"అక్కా, ఎడమవైపు ఒక్కసారి మళ్ళీ..."

"మళ్ళీనా? నావల్ల కాదు." అక్క అప్పటికే బొత్తాలు పెట్టుకుంటోంది. కళ్లనిండా నీళ్లు. నొప్పికి అక్క ఏడవడం అద్దం అదే మొదటిసారి చూడటం. "ఒక్కసారికే తీసేస్తానని నువ్వే కదే గొప్పలు చెప్పావు. ఇంకోసారి నొక్కితే ఇక ఈ గడప తొక్కను. ఒట్టు."

తలుపుకున్న చిన్న గాజుపలకలోంచి అవతలి గోడ మీద పట్టిక కనబడుతోంది. తన వరుసలో సున్నా. ఇటు అక్క కళ్లలో నీళ్లు. ఆ రెంటిలో చెయ్యిని ఏది లాగిందో ఆవిడ తర్వాత వెయ్యిసార్లు తూచుకుంది, తేలలేదు. చెయ్యి మాత్రం మీట మీదికి వెళ్లింది. ఐదు నుంచి ఆరు. చుక్కలు పలచబడ్డాయి. ఏడు. ఎనిమిది దగ్గర చుక్క లేదు, నలుసు లేదు. అక్క ఒంటిని తుడవాల్సిన మనిషి అక్క బొమ్మను తుడిచింది.

"అయిపోయింది, పో. అన్నీ బాగానే ఉన్నాయి," అంది.

డాక్టరు ఆ ఫిల్ముల్ని చూసి, "వీటికి ఫ్రేము కట్టించుకోవచ్చు," అన్నాడు. ఏమీ లేదని రిపోర్టు రాశాడు. అక్కాచెల్లెళ్లు క్యాంటీనులో కాఫీ తాగారు. అక్క ఆ రిపోర్టును మడతపెట్టి, కుట్టుమిషను సొరుగులో సూదుల డబ్బా కింద దాచుకుంది.

పద్నాలుగు నెలల తర్వాత సొంత రవికకు కొలత తీసుకుంటూ, టేపు కింద అక్క వేలికి గడ్డ తగిలింది. ఎడమవైపు, చంక దగ్గర. స్కానింగు గదిలో అది నల్లగా, అంచులు పీక్కుపోయి కనిపించింది. సూదితో తీసిన ముక్క జబ్బేనని చెప్పింది. చంకలో గ్రంథులకూ పాకింది. ముందు ఆపరేషను, తర్వాత మందులు, తర్వాత ఏమిటన్నది ఎవరూ తిన్నగా చెప్పరు.

డాక్టరు పాత ఫిల్మునూ కొత్త ఫిల్మునూ పక్కపక్కన పెట్టి తల పంకించాడు. "పోయినేడు ఏమీ లేదు చూడండి. మహా వేగంగా వచ్చింది. ఇలాంటివి మన చేతుల్లో ఉండవు."

అక్క ఆ మాటనే పట్టుకుంది. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేది. "పోయినేడే మా చెల్లి స్వయంగా తీసింది. మచ్చ లేదు. ఆ పిల్ల చూడాల్సిందంతా చూసింది. రాసిపెట్టి ఉంటే ఎవరేం చేస్తారు?" అని, పైగా చెల్లెలి వీపు నిమిరేది. "నువ్వెందుకే అలా అయిపోతున్నావు? నీ తప్పేముంది?"

వీపు మీద ఆ చెయ్యి పడ్డప్పుడల్లా అద్దానికి కాల్చినట్టుండేది. పౌడరు గుర్తొచ్చింది. మీట గుర్తొచ్చింది. అయినా పౌడరేనేమో అని నాలుగు రోజులు తనకు తాను చెప్పుకుంది. తన కళ్లలో తనే దుమ్ము కొట్టుకోవడం మనిషికి ఎంత సులువో ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. ఐదో రోజు అందరూ భోజనాలకు వెళ్లాక గది తలుపు వేసుకుంది.

శుభ్రం చేయకముందు ఫిల్ము ఎలా పడిందో అలాగే మిషను పద్దెనిమిది నెలలు దాచి ఉంచుతుంది. తర్వాత దానంతట అదే చెరిపేస్తుంది. ఆ పాత బొమ్మల్ని తెరిచి చూసే పని ఇన్నాళ్లూ ఎవరికీ పడలేదు. అద్దం తెరిచింది. చుక్కలు అక్కడే ఉన్నాయి. పైనుంచి తీసినదీ పక్కనుంచి తీసినదీ పక్కపక్కన పెట్టి లోతు కొలిచింది. పౌడరైతే చర్మం మీద ఉండాలి. ఇవి చర్మం నుంచి మూడు వేళ్ల లోతున, రెండు బొమ్మల్లోనూ ఒకే చోట గుంపుగా ఉన్నాయి. లెక్కపెట్టింది. పదకొండు. ఆ కొలత తీయడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం పద్నాలుగు నెలల కిందట కూడా ఉంది.

జేబులో గుడ్డ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత డాక్టరు గదికి వెళ్లింది.

డాక్టరు తెర వంక చాలాసేపు చూశాడు.

"నాకు మీరు చూపించింది ఇది కాదు," అన్నాడు.

"కాదండి."

"మీట ఎంతలో పెట్టారు?"

"ఎనిమిది."

"మూడు దాటొద్దన్నారు కదా."

"అన్నారండి. నేను నాలుగు పెట్టినప్పుడు బాగుందన్నారు. ఐదు పెట్టినప్పుడు ఇంకా బాగుందన్నారు. మీరే."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తుడుచుకోలేదు. "చూడండి, ఇప్పుడు చెప్పి ఏం లాభం? మందు మారదు, ఆపరేషను మారదు. ఉన్న కాస్త ధైర్యమూ పోతుంది ఆవిడకు. నాలుగు నెలలు పోతే ఈ బొమ్మ దానంతట అదే చెరిగిపోతుంది. మీ మంచికే చెబుతున్నాను."

మంచికే చెప్పాడు, తన మంచికి. కానీ ఆయన మాటలో అబద్ధం లేదు. మందు నిజంగానే మారదు.

"ఐదులో పెట్టి తీసినవాళ్లు ఇంకా ఉన్నారండి," అంది. "ఏడాదిన్నర పైగా. వాళ్ల పాత బొమ్మలు కూడా చెరిగిపోతాయి."

అద్దం వెనక్కి వచ్చి, మిషను మరమ్మతుల పుస్తకం తెరిచి, మీట సంగతి, తేదీలతో సహా, అన్ని ఫిల్ములూ మళ్ళీ చూడాలన్న మాటతో సహా రాసింది. కింద తన అసలు పేరు రాసింది. ఆ పేరు రాస్తుంటే వేరేవాళ్లెవరిదో రాస్తున్నట్టే ఉంది. పుస్తకంలోంచి ఆ పేజీని ఇక ఎవరూ చింపలేరు. అందులో పేజీలకు అంకెలు ఉన్నాయి.

సాయంత్రం కుట్టుగదికి వెళ్లింది. అక్క బల్ల మీద నీలం గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తోంది. ఆపరేషనులోగా ఒప్పుకున్న బట్టలన్నీ కుట్టి ఇచ్చేయాలని పంతం.

అద్దం నిలబడే చెప్పింది. పౌడరు, మీట, ఎనిమిది, పదకొండు. సాకులు చెప్పలేదు. అక్క సుద్ద గీత సగంలో ఆపేసింది.

"నీకు కనిపించాయా?"

"కనిపించాయక్కా."

"కనిపించాక తుడిచేశావు."

"పౌడరనుకున్నాను."

"పౌడరైతే మళ్ళీ తీయాలి కదా. నువ్వే కదా తీయబోయావు." అక్క గొంతులో కోపం లేదు, లెక్క సరిచూసుకుంటున్న మనిషిలా ఉంది. "నేను ఏడ్చాననా?"

"కొంత అందుకే."

"మిగతా కొంత?"

"గోడ మీద పట్టిక ఉంటుంది. మళ్ళీ తీస్తే అందులో పడుతుంది."

అక్క నవ్వింది. ఆ నవ్వు చూడటం కన్నా చెంపదెబ్బ తినడం నయమనిపించింది. సొరుగు లాగి, సూదుల డబ్బా కింద నుంచి రిపోర్టు తీసి, ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. మడతల దగ్గర కాగితం నలిగి ఉంది.

"దీన్ని చూసుకుని ఏడాది నిబ్బరంగా పడుకున్నానే. చంకలో సలుపుతుంటే కూడా, చెల్లి చూసింది కదా అనుకున్నాను." రిపోర్టు మడతను గోటితో నొక్కింది. "నేను పరాయిదాన్నయితే మళ్ళీ తీసేదానివి."

అద్దానికి జవాబు తెలుసు. పరాయివాళ్లు ఏడిస్తే, "కాస్త ఓర్చుకోండమ్మా," అని తీసేది, పట్టికలో అంకె పడినా సరే. ఇరవై రెండేళ్లలో ఒకటి రెండుసార్లు అలా తీసింది కూడా.

"తీసేదాన్ని," అంది.

"అక్కనైన పాపానికి." అక్క మళ్ళీ సుద్ద అందుకుంది. గీతను ఆపిన చోటు నుంచే, వంకర పోకుండా చివరిదాకా గీసింది. "ఆపరేషనుకు ముందు రెండోవైపు ఇంకోసారి తీయాలట ఎల్లుండి. నువ్వు తీయకు."

"సరే."

"ఒకటికి పదిసార్లు తీస్తుందని ఒకావిడ గురించి చెప్పి నవ్వేదానివి చూడు. ఆవిడను పెట్టు."

మూడోనాటి ఉదయం మళ్ళీగారు చేతులు కడుక్కుని వచ్చింది. మీటను మూడు దగ్గర పెట్టి, అద్దానికి చూపించి, తలుపు వేసుకుంది. తలుపు మీద ఎర్రదీపం వెలిగింది. అద్దం బయట, రోగుల వెంట వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చుంది. ఆ బల్ల మీద ఆవిడ ఇంతకుముందు ఎన్నడూ కూర్చోలేదు. ఎదురుగా పట్టికలో తన వరుసలో సున్నా ఉంది.

లోపల పలకలు బిగుస్తున్న చప్పుడైంది. అక్క మూలిగింది. దీపం ఆరింది.

"కాస్త కదిలారండీ. మళ్ళీ ఒకసారి," అంది మళ్ళీగారు.

దీపం వెలిగింది, ఆరింది.

"ఇక్కడేదో చుక్కలా ఉందండీ. లోపలిదా, పైదా తెలియడం లేదు. తుడిచి, మళ్ళీ ఒకసారి."

"తీయండి," అంది అక్క. ఏడుస్తోందని తలుపు ఇవతలికి కూడా తెలుస్తోంది. "ఎన్నిసార్లయినా తీయండి. నేను ఏడ్చానని మాత్రం ఆపకండి."

మళ్ళీగారు ఆపలేదు. బయట అద్దం జేబులో గుడ్డను పిడికిట్లో పట్టుకుని, ఎర్రదీపం మూడోసారి వెలగడం చూస్తూ కూర్చుంది.